తొమ్మిదో గడి

మా చిన్నాయనను పోలీసులకు పట్టించింది ఎదురింటి జిల్దుసాబు అని మా బంధువుల్లో ఎవరిని అడిగినా చెబుతారు. అడగకపోయినా చెబుతారు. మొన్న ఢిల్లీ ఆసియా ఆటల కోసం కొత్త స్టాంపులు వేశారని చిన్నాయన కూతురు పోస్టాఫీసులో వరుసలో నిలబడి కొని, నాకు చూపించడానికి తెచ్చింది. వెంట దాని కొత్త కోడలు. నేను కళ్ళజోడు వెతుక్కునే లోపలే ఆ పిల్లకు మొదలుపెట్టింది: "మా బాపు దగ్గర గూడ గిసొంటి ఆటల టికీట్లు ఉండె. ఎదురింటి సాబు పోలీసోళ్ళకు చెప్పి, టికీట్ల పుస్తకం సుత తీస్కపోయి ఇచ్చిండు." నేను కాదన్నాను. "నీకు ప్రతిదానికి లొల్లే అక్కా" అంది నవ్వుతూ. ఆ రోజుల్లో దానికి నాలుగేళ్ళు. గడప దాటితే బూచోడు పట్టుకుంటాడని నమ్మే వయసు. నాకు పన్నెండేళ్ళు. పైగా గొడవకు మూలమైన ఉత్తరం రాసిన చెయ్యి ఇదిగో, ఇప్పుడు ఇది రాస్తున్న చెయ్యే. కాబట్టి ఈ విషయంలో లొల్లి పెట్టుకునే హక్కు నాకొక్కదానికే ఉంది.

శాలిబండలో మా ఇల్లు మెయిన్ రోడ్డు దిగి లోపలికి వెళ్ళిన గల్లీలో ఉండేది. చిన్నాయన ఒక సర్కారీ దఫ్తరులో గుమాస్తా. ఏ దఫ్తరో చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు. మనిషి ఎంత జాగ్రత్తపరుడంటే, వాన వచ్చేలా ఉందంటే చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాడు, తోలు పాడవుతుందని. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం స్టాంపులు. నిజాం సర్కారు స్టాంపులు రాజ్యం సరిహద్దు దాటితే చెల్లవు. చెల్లవు గనకనే బయటి దేశాల్లో వాటికి మోజు. చార్మినారు బొమ్మ ఉన్న స్టాంపును ఒక కవరులో పెట్టి, తెల్లదొరల రెసిడెన్సీ వైపు నడిచి వెళ్ళి, ఇంగ్రేజీ టపాలో వేస్తే, నెలన్నర తర్వాత ఎక్కడో మంచు కురిసే ఊరి నుంచి జవాబుగా ఒక స్టాంపు వచ్చేది. దాన్ని పళ్ళెంలో నీళ్ళు పోసి, బొమ్మ పైకి ఉండేలా తేలవేసి, కాగితం దానంతటదే వదిలేదాకా కాపలా కూర్చునేవాడు. ఆ పళ్ళేన్ని కదిలిస్తే మా బాపమ్మకైనా క్షమాపణ ఉండేది కాదు.

ముప్పై ఆరులో, బెర్లిన్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది, జర్మనీలోని ఒక చిన్న ఊళ్ళో రైల్వే గుమాస్తాతో ఆయనకు ఉత్తరాల స్నేహం కుదిరింది. ఆ ఆటల కోసం వాళ్ళు వేసినవి ఎనిమిది స్టాంపులు. ఆ పెద్దమనిషి ఎనిమిదీ ఒక్కసారి పంపకుండా ఉత్తరానికొకటి చొప్పున పంపాడు. కడ్డీకి వేలాడేవాడు, నీళ్ళలోకి దూకుతున్న మనిషి, బంతి తన్నేవాళ్ళు, ఈటె విసిరేవాడు, దివిటీ పట్టుకుని పరిగెత్తేవాడు, కత్తి దూసినవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు, గుర్రాన్ని దూకించేవాడు. ఒక్కొక్కరే మా ఇంటికి చుట్టాల్లా వచ్చారు. స్టాంపులు ఒకదాన్ని మించి ఒకటి బాగుండేవి కానీ ఉత్తరాలు మాత్రం ఒకదానికంటే ఒకటి పొట్టిగా ఉండేవి. మొదటి ఉత్తరంలో ఆయన తోట గురించీ, తేనెటీగల గురించీ రెండు పేజీలు. ఎనిమిదో దానిలో ఒకటే వాక్యం: ఇకమీదట కొంతకాలం వేరే పనుల్లో ఉంటాను. ఏ పనులో రాయలేదు. చిన్నాయన ఆ వాక్యాన్ని రెండు మూడు సార్లు పైకి చదివి, కవరు మీది స్టాంపు కత్తిరించుకుని, ఉత్తరం మడిచి పెట్టేశాడు.

ఇక జిల్దుసాబు. జిల్దు అంటే పుస్తకానికి కట్టే గట్టి అట్ట. ఆ పని చేసేవాడు కనుక గల్లీకంతా జిల్దుసాబు. నాకు మాత్రం మామూ. మా గుమ్మానికి ఎదురుగా ఆయన దుకాణం. వెనక గదుల్లో సంసారం, ముందు గదిలో కాగితాలు. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి వండిన మైదా జిగురు, దాన్ని లై అనేవాళ్ళు, ఆ వాసన పొద్దున్నే మా ఇంటి కాఫీ వాసనతో కలిసి ఉండేది. చిన్నాయన స్టాంపుల పుస్తకం కట్టింది ఆయనే. ఒక్కో స్టాంపుకు నల్లటి కాగితం అంచుతో ఒక గడి. ఆటల స్టాంపుల పేజీ తెరిచి చూస్తే ఎనిమిది గడులకు బదులు తొమ్మిది ఉన్నాయి. చిన్నాయన లెక్క తప్పిందన్నాడు. తప్పలేదు అన్నాడు జిల్దుసాబు. ఆ ఆటల్లో మనవాళ్ళు గెలిచింది హాకీలో, గెలిచింది ఆ జర్మన్ల మీదే, వాళ్ళ ఊళ్ళోనే. హాకీ స్టాంపు లేకుండా ఎట్లా ఉంటుందని ఆయన వాదన.

"స్టాంపులు ఆటలకు ముందే అచ్చయినయి భాయ్. ఎవలు గెలుస్తరో వాళ్ళకేం ఎరుక?" అన్నాడు చిన్నాయన.

"ఎరుకనే బాబూ సాబ్. ఓడిపోయే ఆటను ఎవడన్న అచ్చేస్కుంటడా? ఏసి దాసిపెట్టిన్రు. అడగాలె."

ఈ వాదన మూడేళ్ళు నడిచింది. నేను జిల్దుసాబు పక్షం. చిన్నాయన చెప్పింది నిజమని లోపల తెలుసు, కానీ ఆయన చెప్పిన తీరు నాకు నచ్చేది కాదు. ఆ వయసులో నాకు అదే పెద్ద కారణం. ఇప్పటికీ అదే కారణం అంటారు మా వాళ్ళు.

యుద్ధం మొదలైంది. జర్మనీకి ఉత్తరాలు బందు. బుద్ధిగా ఊరుకోవలసిన మనిషి చిన్నాయన. కానీ చలికాలంలో ఒక మధ్యాహ్నం దుకాణం అరుగు మీద కూర్చుని ఉండగా జిల్దుసాబు ఆ పేజీ తెరిచి, ఖాళీ గడి మీద వేలు పెట్టి, నిట్టూర్చాడు. ఆ రైల్వే గుమాస్తా ఎప్పుడో తన ఉత్తరంలో స్విట్జర్లాండులోని ఒక స్టాంపుల దుకాణం చిరునామా ఇచ్చి ఉన్నాడు. స్విట్జర్లాండు యుద్ధంలో లేదు కదా, అక్కడికి రాస్తే తప్పేముంది అనుకున్నారు ఇద్దరు పెద్దమనుషులూ. రాయడానికి నన్ను కూర్చోబెట్టారు, ఇంగ్లీషు చేతిరాతలో నాకు బడిలో బహుమతి వచ్చింది గనక. చిన్నాయన చెప్పింది నేను నా ఇంగ్లీషులో కుదించి రాశాను. చెప్పినమాటే మళ్ళీ చెప్పకూడదని మా టీచరమ్మ నేర్పింది. ఇక స్టాంపుల వాళ్ళ సంగతి ఎలాగూ ఉంది. వాళ్ళు ఒకరికొకరు రాసుకునేటప్పుడు స్టాంపు అన్న మాటే రాయరు, అన్నం తినేవాడు నోటితో తిన్నాను అని రాయనట్టు. ఆ ఉత్తరం ఇప్పటికీ నోటికొచ్చు. తెలుగులో చెబితే ఇది:

'జర్మనీలోని మన మిత్రుడు పంపిన ఎనిమిదీ క్షేమంగా చేరాయి. అన్నీ ఒకేచోట భద్రంగా ఉంచాము. తొమ్మిదవది, కర్రలు పట్టుకున్న మనుషులది, ఇంకా రాలేదు. దాని కోసం ఇక్కడ స్థలం సిద్ధం చేశాము. నేరుగా పంపడం ఇప్పుడు కుదరదు కాబట్టి మీ ద్వారా పంపమని ఆయనకు చెప్పగలరు.'

కింద రెండు వరుసల అంకెలు. ఏ స్టాంపు కావాలో, ఏది మిగులు ఉందో పేర్లతో రాయరు. అందరి దగ్గరా ఉండే పెద్ద జాబితా పుస్తకంలోని నంబర్లతో రాస్తారు. చిన్నాయన ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, ఒక కామా తీసేసి, చాలా బాగుందన్నాడు. మీరు ఇప్పుడు దాన్ని పోలీసు కళ్ళతో ఒకసారి చదవండి. చెప్పులు చేత్తో పట్టుకు నడిచే మనిషి, రోజంతా ఫైళ్ళు చదివే మనిషి, దానిలో ఏమీ చూడలేకపోయాడు. ఆయనకు ఆ ఎనిమిదీ ఎప్పుడూ ఎనిమిది కాగితాలే.

రెండు నెలలు ఏమీ జరగలేదు. తర్వాత బొంబాయి నుంచి ఒక స్టాంపుల మిత్రుడి ఉత్తరం వచ్చింది. జిల్దుసాబు ఆ కవరును వెలుతురుకు పట్టుకున్నాడు, వాసన చూశాడు, గోటితో అంచు ఎత్తాడు. "బాబూ సాబ్, ఈ లిఫాఫా ఎవరో తెరిచి మల్ల అంటించిన్రు" అన్నాడు. టపావాళ్ళ చేతిలో చిరిగి ఉంటుంది, వాళ్ళే అంటించి ఉంటారు అన్నాడు చిన్నాయన. జిల్దుసాబు తల అడ్డంగా తిప్పాడు. "టపావాల గింత సాఫ్‌గ అంటియ్యడు. ఇది పని తెలిసినోని చెయ్యి."

తర్వాతి కవరు కూడా అంతే. దాని తర్వాతిదీ అంతే. ఆ పైన అసలు కవర్లే రాలేదు. దఫ్తరులో ఒక పై అధికారి, ఎన్నడూ పలకరించనివాడు, మెట్లమీద ఆపి మీకు జర్మన్ వస్తుందా అని అడిగాడట. రాదని చెప్పాను, నవ్వాడు అని చిన్నాయన ఇంట్లో చెప్పాడు. ఆయన కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. ఆయన అన్న, మా బాపు, నవ్వలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం దఫ్తరు జవాను చిన్నాయన సైకిలును నడిపించుకుంటూ వచ్చి మా గోడకు ఆనించి పెట్టాడు. బాబు తర్వాత వస్తారని చెప్పి వెళ్ళిపోయాడు. అంతే. చిన్నమ్మ సైకిలు సంచీలో చెయ్యి పెట్టి చూస్తే పొద్దున పెట్టిన టిఫిన్ డబ్బా తెరవకుండా ఉంది. రాత్రికి రాలేదు, తెల్లవారీ రాలేదు. మా బాపు వేన్నీళ్ళ కాగు కింద పొయ్యిలో జర్మనీ ఉత్తరాలన్నీ వేసి, తేనెటీగలతో సహా కాల్చేశాడు. స్టాంపుల పుస్తకం మాత్రం, కుట్టు వదిలిందని, జిల్దుసాబు దగ్గర ఉంది. ఆడపిల్ల గల్లీ దాటితే ఎవరూ పట్టించుకోరు కాబట్టి, వెంటనే కాల్చెయ్యమని చెప్పి రమ్మని నన్ను పంపారు.

నేను చెప్పింది జిల్దుసాబు దారం లాగుతూ విన్నాడు. తర్వాత ఒకటే అడిగాడు. "చిట్టీల ఏం రాసినవ్ బేటీ? ఉన్నదున్నట్టు చెప్పు." అప్పజెప్పాను. కర్రలు పట్టుకున్న మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలో సూది ఆగింది.

"టికీట్ అన్న ముచ్చట ఏడుంది ఇండ్ల?"

లేదన్నాను. ఆయన పుస్తకం తీసి ఆటల పేజీ తెరిచాడు. "కాల్చుమంటే కాలుస్త. గని కాలిస్తే, ఆ ఎనిమిది మంది నిజంగ మనుషులైతరు. ఈ కాగితం ఉంటెనే వాళ్ళు కాగితం." లేచి చేతులు కడుక్కున్నాడు. లోపలికి వెళ్ళి షేర్వానీ తొడుక్కుని వచ్చాడు, పండగకు తప్ప వెయ్యనిది. పుస్తకాన్ని తెల్లటి గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, పట్టపగలు, గల్లీ అంతా చూస్తుండగా పోలీసు కచేరీ వైపు నడిచి వెళ్ళిపోయాడు. మా గుమ్మంలో బాపమ్మ నిలబడి చూసింది. గల్లీకి తెలిసింది ఆమె చూసినంతే.

చిన్నాయన మూడో రోజు వచ్చాడు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే నేను నీళ్ళు పోశాను. అక్కడే, చెంబు శబ్దం చాటున, నాకొక్కదానికి చెప్పాడు. అధికారి పుస్తకం తిప్పుతూ ఖాళీ గడి దగ్గర ఆగి, ఇక్కడికి రావలసింది ఎవరు అని అడిగాడట. హాకీ అన్నాడట జిల్దుసాబు. హాకీ స్టాంపు ఎందుకు ఉండాలో కచేరీలో వాదన పెట్టాడట. పక్క గది నుంచి ఇంకో అధికారి కూడా వచ్చాడట, ఉండే ఉంటుంది అన్నాడట. అందరూ కాసేపు నవ్వుకున్నారట. తర్వాత పెద్ద అధికారి, ఇదంతా పిచ్చిపనే కానీ ఫైలు మొదలైంది, మొదలైన ఫైలులో ఒక పేరు ఉండాలి, ఈ ఉత్తరం రాయాలని పట్టుబట్టింది ఎవరు అని అడిగాడట.

"భాయ్ నేనే అన్నడు. చేతిరాత ఎవలదని అడిగితె, బజార్ల చదువుకున్నోడెవడో రాసిచ్చిండు, పేరెరుక లేదన్నడు. నీ పేరు రాలే. ఇంట్ల చెప్పకు. మీ బాపమ్మకు తెలిస్తే రేపటి సంది నీకు బడి బందు."

అది నిజం. ఆడపిల్లకు ఇంగ్లీషు ఎందుకని ఆమె రోజూ అడిగేది. నేను చెప్పలేదు. నేను తర్వాత చదివిన చదువంతా, కాలేజీ, బి.ఏ., ఇప్పుడు ఇట్లా పత్రికలకు రాసే ఈ ధైర్యం, అంతా ఆ చెంబుడు నీళ్ళ దగ్గర మొదలైంది. ఆ రాత్రి భోజనాల దగ్గర బాపమ్మ మొదటిసారి అంది: ఎదురింటివాడే పట్టించాడు, పుస్తకం మోసుకెళ్ళడం నా కళ్ళతో చూశాను. నేను చిన్నాయన వైపు చూశాను. ఆయన కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతున్నాడు. పప్పు లేదు, చారు లేదు, ఊరికే కలుపుతున్నాడు. నోరు తెరిచి ఒక్క ముక్క అన్నా చాలు. అనలేదు.

పుస్తకం తిరిగి రాలేదు. చిన్నాయనకు ఉద్యోగం మిగిలింది. ఎదురింటితో మాట్లాడవద్దని పైవాళ్ళు గట్టిగా చెప్పి పంపారు. జిల్దుసాబుకు మిగిలింది హాజరీ. యుద్ధం ముగిసేదాకా నెలకోసారి కచేరీకి వెళ్ళి వేలిముద్ర వేసి రావాలి. నెలనెలా అదే షేర్వానీ, అదే దారి. చూశారా, కబుర్లు మోయడానికి ఎట్లా పోతున్నాడో అనేది బాపమ్మ. ఆమె ఏడు నెలలు అన్నాక గల్లీ కూడా అదే అంది. ఏడాదికి ఆయన దగ్గర బడిపుస్తకాలు కట్టించుకునేవాళ్ళు తగ్గారు. నా పుస్తకాలు మాత్రం ఏటా ఆయనే కట్టేవాడు. నేను అడక్కుండానే పుస్తకం వీపు మీద నా పేరు అచ్చు గుద్ది ఇచ్చేవాడు.

యుద్ధం ముగిసింది, హాజరీ ఆగింది, మాట ఆగలేదు. అది పెరిగింది. స్టాంపుల పుస్తకం కాస్తా కాగితాల కట్ట అయింది. కాగితాల కట్ట మనవాళ్ళ పేర్ల జాబితా అయింది. ఎవరు ఎవరి మనిషో గల్లీగల్లీలో తేల్చుకుంటున్న రోజులు వచ్చేసరికి, శాలిబండ ముఖం చూడనివాళ్ళకు కూడా మా గల్లీలో ముఖ్బిర్ ఒకడు ఉన్నాడని, అంటే పోలీసులకు కబుర్లు మోసేవాడని, తెలిసిపోయింది. నలభై ఎనిమిదిలో, పోలీసు చర్య అయిన కొన్ని వారాలకు, ఆయన దుకాణం తలుపు మీద ఎవరో బొగ్గుతో ఆ మాటే రాశారు. ఆయన తుడిచాడు. మర్నాడు మళ్ళీ ఉంది. భార్యనూ ఆడపిల్లలనూ చెల్లెలి ఇంటికి పంపించి, తను మాత్రం పని చేస్తూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, వెలుతురు ఉండగానే, తెలియని మనుషులు ఇద్దరు మా గుమ్మంలోకి వచ్చారు. చేతుల్లో ఏమీ లేదు, చాలా మర్యాదగా మాట్లాడారు. చిన్నాయనను పిలిచి అడిగారు: "అయ్యా, మీరే సాక్షి. గీయననే గద మిమ్ముల పట్టిచ్చింది? ఒక్క మాట చెప్పుండ్రి, చాలు."

నేను తలుపు వెనక ఉన్నాను. ఇరవై ఒక్క ఏళ్ళదాన్ని. బాపమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. నన్ను బడి మాన్పించేవాళ్ళు ఎవరూ మిగిలి లేరు. చిన్నాయన వాళ్ళనూ చూశాడు, తలుపు సందులో నన్నూ చూశాడు. తర్వాత అన్నాడు:

"పాత ముచ్చట. ఇడ్సిపెట్టుండ్రి."

అవునన్నట్టా, కాదన్నట్టా? నాతో కాలేజీలో తర్కం చదివినవాళ్ళు ఎవరైనా చెప్పవచ్చు. ఆ ఇద్దరూ తలలు ఊపారు, దండం పెట్టారు, వెళ్ళిపోయారు. నేను తలుపు వెనక నుంచి బయటికి రాలేదు. రాకపోవడానికి నా దగ్గర ఒక్క కారణం కూడా లేదు, వెతికాను.

తెల్లవారగానే ఎదురుగా ఎడ్లబండి ఆగింది. అట్టలు ఒత్తే ఇనప యంత్రం ఎత్తడానికి నలుగురు కావాలి. ఇద్దరే ఉన్నారు, దాన్ని అక్కడే వదిలేశారు. అంతా ఎక్కించాక జిల్దుసాబు గల్లీ దాటి మా గుమ్మానికి వచ్చాడు. చేతిలో నా పుస్తకం, ముందు వారం కట్టడానికి ఇచ్చింది. వీపు మీద నా పేరు, కింద బి.ఏ. అని. నాకింకా ఆ పరీక్ష కాలేదు.

"లై ఇంక తడిగున్నది బేటీ. రెండు రోజులు బరువు కింద పెట్టు" అన్నాడు. లోపలికి, చిన్నాయన ఉన్న వైపు, రోజూ చేసినట్టే సలాం చేశాడు. బండి కదిలింది. ఎక్కడికి వెళ్ళాడో గల్లీలో నాలుగు రకాలుగా చెప్పారు, నాలుగూ తప్పేనని తర్వాత తేలింది.

చిన్నాయన ఇంకో పదిహేనేళ్ళు బతికాడు. ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తనివ్వలేదు. కాలం గడిస్తే నిజం తేలుతుందని చదువుకున్నవాళ్ళం ఎంత ధీమాగా రాస్తామో! ముప్పై నాలుగేళ్ళు గడిచాయి, తేలింది అబద్ధమే. ఇప్పుడు దానికి కోడలు కూడా శ్రోత. దాన్ని సరిచెయ్యడం నా పని, ఇదుగో చేశాను. నాకు కావలసింది వేరు, చెప్పగలవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే చెప్పండి. మా గల్లీ వెడల్పు రెండు సైకిళ్ళు పక్కపక్కన పట్టేంత. ఆ సాయంత్రం ఆ ఇద్దరూ మా గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు ఎదురు దుకాణం తలుపు తెరిచే ఉంది, లోపల ఆయన కూర్చునే ఉన్నాడు. చిన్నాయన చెప్పిన జవాబు ఆయనకు వినిపించిందా?